రామదాసు మాతువు - బాలమురళి గానము

భద్రాచలమునకు వచ్చిన యాత్రికుడు గోదావరిలో స్నానమాడి, తడిబట్టలతోనే మెట్లెక్కి, శంఖచక్రములను ధనుర్బాణములను ధరించి, సీతమ్మను అంకమున నిలుపుకొని, లక్ష్మణస్వామితో కూడియున్న వైకుంఠరాముని సేవించుకొని, వెలుపలికి వచ్చి మండపమున కూర్చుండును. అప్పుడతని చెవిని బడునవి ముఖ్యముగ రెండు. ఒకటి అర్చకస్వాముల మంత్రపాఠము. రెండవది రామదాసు కీర్తన. మొదటిదానికి గురుపరంపర కలదు. ఏ అక్షరము నే స్వరముతో నుచ్చరింపవలెనో తండ్రి కొడుకునకు, గురువు శిష్యునకు చెప్పుచు వచ్చిరి. రెండవదాని సంగతి యేమి? ఆ పాటలోని మాటలు గోపన్నవి. ఆ మాటలు నడచుచున్న వరుస కూడ గోపన్నదేనా? ఈ ప్రశ్న వేసికొనువారు తక్కువ. ఎవరైన వేసినచో, విన్నవారిలో సగము మందికి కోపము కూడ వచ్చును. కాని యిది అడుగదగిన ప్రశ్నయే.

మన శాస్త్రము పాటను రెండుగ విడదీసి చూచినది. 13వ శతాబ్దిలో దేవగిరి యాదవరాజుల ఆస్థానమున నుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున పాటలోని వాక్కునకు మాతువని, దానికి కూర్చిన గేయమునకు ధాతువని పేర్లు పెట్టెను. ఇది వ్యాకరణములోని ధాతువు కాదని విద్యార్థులు గుర్తింపవలెను. ఈ రెండును ఒక్కరే కూర్చినచో వారు వాగ్గేయకారులు. రెండింటను సమర్థుడైనవాడు ఉత్తముడు. వరుస బాగుండి మాట పేలవమైనచో వాడు మధ్యముడు. మాట రమ్యమై వరుస పేలవమైనచో వాడు అధముడు. పండితులకు ఈ తీర్పు కొంచెము కష్టముగ తోచును గాని, పాట పాటగ నిలువవలెనన్న గేయమే ముఖ్యమని శార్ఙ్గదేవుని భావము. పరుల ధాతువునకు తన మాతువు నతికించువానికి ఆయన కుట్టికారుడని వేరొక పేరు కూడ పెట్టెను.

ఈ చివరి మాటకు మన కాలములో ఒక విచిత్రమైన ఉదాహరణము పశ్చిమదేశమున కానవచ్చును. ఇంగ్లండు దేశీయుడగు జార్జి హారిసన్ అను గాయకుడు, బీటిల్సు అను ప్రసిద్ధ బృందములోనివాడు, కృష్ణభక్తి యందు ప్రవేశించి, 1969లో లండనులోని రాధాకృష్ణ మందిర భక్తులచే హరేకృష్ణ మహామంత్రమును పాడించి గ్రామఫోను రికార్డుగ వెలువరించెను. మరుసటి సంవత్సరమున తాను స్వయముగ వ్రాసి పాడిన మూడు రికార్డుల సంపుటిలో భగవంతుని దర్శనమునకై తపించు పాట నొకదానిని చేర్చి, దాని వెనుక వంతపాటగ ఆ మంత్రమునే నిలిపెను. ఆ పాట దేశదేశముల మారుమ్రోగినది. పిమ్మట న్యాయస్థానమున వివాదము పుట్టినది. ఆ పాట వరుస 1963 నాటి వేరొక అమెరికా పాటను పోలియున్నదని, గాయకునకు తెలియకయే అతని మనస్సులోనుండి అది వచ్చినదని 1976లో న్యాయాధిపతి తీర్పు చెప్పెను. మాతువులోని ఆర్తి అతనిది, మంత్రము సనాతనము, ధాతువు మాత్రము పరులది! అయినను ఆ పాట విని కృష్ణనామము నోట పట్టిన విదేశీయులు ఎందరో కలరు. నామమునకు వరుస హక్కులతో పని లేదు కదా.

రామదాసు విషయమున జరిగినది దీనికి విలోమము. ఇక్కడ మాతువు నిలిచినది. ధాతువు జారిపోయినది.

కంచెర్ల గోపన్న నేలకొండపల్లి వాస్తవ్యుడు. లింగన్న, కామాంబల కుమారుడు. రఘునాథభట్టాచార్యుల శిష్యుడు. గోలకొండ తానీషా అబుల్ హసన్ కుతుబ్ షా ప్రభుత్వమున (1672 - 1687) మంత్రులుగ వెలుగొందిన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహసీలుదారుగ వచ్చి, పోకల దమ్మక్క పందిరి క్రింద పూజలందుకొనుచున్న స్వామికి ఆలయ ప్రాకారములు కట్టించి, నగలు చేయించి, సర్కారు సొమ్ము వెచ్చించినందులకు గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు బాధలు పడెనని, రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీలై వచ్చి ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరని సంప్రదాయము. ఈ కథ మన యిండ్లలో పసిపిల్లలకు కూడ తెలియును గావున ఇచ్చట విస్తరింప నక్కరలేదు. ఇక్కడ గమనింపవలసినది వేరు. త్యాగరాజస్వామికి ఉమయాళ్పురము, తిల్లస్థానము, వాలాజాపేట శిష్యపరంపరలు కలవు. ఆయన పాడిన వరుసలను వారు విని నేర్చి, వ్రాసికొని, తరువాతి తరమున కందించిరి. చెరసాలలో పాడినవానికి శిష్యులెక్కడివారు? తాళము తప్పినచో దిద్దువా రెవరు? విన్నవి రాతిగోడలు, కావలివారు. ఆ పాటలు చెర దాటి భజనగోష్ఠులలో బ్రతికినవి. భజనలో పాట నిలుచునది కంఠమున గాని కాగితమున గాదు. ఒక ఊరి భాగవతులు ఒక రాగమున పాడిన కీర్తనను పొరుగూరి వారు వేరొక రాగమున పాడిరి. రెండును రామదాసువే యనిరి.

తాళ్ళపాక అన్నమాచార్యుల సంకీర్తనములకు కూడ ఇట్టి గతియే పట్టినది. తిరుమల భాండారమున దొరకిన రాగిరేకులపై మాటలు, రాగముల పేర్లు చెక్కబడి యున్నవి గాని స్వరములు లేవు. అందువలననే రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు మొదలైన విద్వాంసులు వానికి వరుసలు కూర్చవలసి వచ్చినది. ఆ కీర్తనలు పాడునప్పుడు వరుస కూర్చిన వారి పేరు చెప్పుట ఆచారమైనది. రామదాసు కీర్తనల యెడ నీ మర్యాద అంతగ పాటింపబడలేదు.

ఆ మర్యాదకు మొట్టమొదట పాత్రులు మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు. ఆయన 1930 జూలై 6న తూర్పుగోదావరి సీమలోని శంకరగుప్తమున జన్మించిరి. తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీతజ్ఞులు, తల్లి సూర్యకాంతమ్మగారు వైణికురాలు. గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు త్యాగరాజ శిష్యపరంపరకు చెందినవారు. పదేండ్ల ప్రాయమునకే బెజవాడలో కచేరీ చేసిన బాలుడు, పెద్దవాడై డెబ్బదిరెండు మేళకర్త రాగములందును కృతులు రచించిన వాగ్గేయకారుడైనాడు. మూడు నాలుగు స్వరములతోనే కొత్త రాగములు కల్పించి పూర్వాచార పరులతో వాదములు కూడ కొనితెచ్చుకొనెను. 1967 నాటి భక్తప్రహ్లాద చలనచిత్రమున నారదుడుగ నటించి పాడెను. 1978లో మద్రాసు సంగీత విద్వత్సభ వారి సంగీతకళానిధి బిరుదము, 1991లో పద్మవిభూషణము ఆయనకు లభించినవి. 2016 నవంబరు 22న చెన్నపట్టణమున పరమపదించిరి.

1948 డిసెంబరులో ఆకాశవాణి విజయవాడ కేంద్రము ప్రారంభమైనది. ఆ కేంద్రపు ప్రభాత భక్తిరంజని కార్యక్రమమున బాలమురళీకృష్ణగారి కంఠమున రామదాసు కీర్తనలు తెలుగువారి వాకిళ్ళలోనికి వచ్చినవి. పిమ్మట గ్రామఫోను రికార్డులుగ, అటుపై క్యాసెట్టులుగ నవి వెలువడినవి. పూర్వమునుండి భజనలలో వినవచ్చుచున్న వరుసలను కొన్నింటిని సంస్కరించి, కొన్నింటికి తామే వరుసలు కూర్చి ఆయన పాడిరి. ముగ్గుకర్ర పట్టిన ఇల్లాలు, ఎడ్లకు మేత వేయు రైతు, బడికి పోవు బాలుడు ఏ ప్రయత్నము లేకయే వానిని నేర్చిరి. కచేరీకి టిక్కెట్టు కొని వినువారు వందలలో నుందురు. ఈ పాట విన్నవారిని లెక్కింప శక్యముగాదు.

ఇంతటి విద్వాంసుడు ఆ కీర్తనలను ఎట్లు పాడెనను విషయమే ఈ వ్యాసమునకు ప్రాణము. మూడు స్థాయిలందును అవలీలగ సంచరించు గాత్రమది. ఆలాపన చేయదలచినచో గంటసేపు చేయగలడు. స్వరకల్పనలో ఆయనకు సాటి తక్కువ. అట్టి వాడు రామదాసు కీర్తన ముందు తన పాండిత్యమును మడిచి ప్రక్కన పెట్టెను. మాట స్పష్టముగ వినబడవలెను, పదము విరుగరాదు, విన్నవాడు వెంటనే తిరిగి పాడగలుగవలెను. పలుకే బంగారమాయెనా అను కీర్తన నాయన ఆనందభైరవిలో పాడిన తీరు చూడుడు. స్వామి మాటలాడుట లేదని భక్తుడు పడు వేదన యది. సంగతులు గుప్పించినచో పాడువాని గొప్ప తెలియును గాని వేదన తెలియదు. ఆయన పెద్ద సంగతులు మానెను. ఇది సంగీతసభలలోని పెద్దలకు కొందరికి చిన్నతనముగ తోచినది. భజనపాటను విద్వాంసుడేల పాడవలెనని వారి ఆక్షేపణ. మాతువు ఆర్తితో నిండియున్నప్పుడు ధాతువు దానికి దాసియై యుండుటే ఔచిత్యమని ఆలంకారికులు కూడ అంగీకరింతురు. ఆ గాయకుడు స్వయముగ వాగ్గేయకారుడగుటచేతనే మరియొక వాగ్గేయకారుని మాటకు ఎంత చోటు విడువవలెనో ఆయనకు తెలిసినది.

తరువాత చలనచిత్రములు కూడ నీ కీర్తనలకు ప్రచారము కల్పించినవి. చిత్తూరు నాగయ్యగారు స్వయముగ నిర్మించి నటించిన రామదాసు 1964లో వచ్చినది. 1980 నాటి శంకరాభరణములో వాణీజయరాంగారు రామదాసు కీర్తనలు పాడిరి. 2006లో శ్రీరామదాసు చిత్రము వచ్చినది. వాని విచారము వేరు.

ఇక చిక్కు ఒకటి కలదు. పాట రికార్డునకు ఎక్కుటలో లాభముతో పాటు ఒక నష్టమును చేరియున్నది. పూర్వపు చిన్న గ్రామఫోను రికార్డు ఒక వైపున మూడు నిమిషములు పాడుటయే గగనము. దీర్ఘకాలపు రికార్డు వచ్చిన పిమ్మట ఒక్కొక్క వైపునకు ఇరువది నిమిషములకు పైగా చోటు దొరకినది గాని, అందులో అయిదారు కీర్తనలు ఇముడ్చవలెను. రామదాసు కీర్తనలకు చరణములు ఎక్కువ. ఎనిమిది, పది చరణములున్న కీర్తనలు కూడ కలవు. ఏ గాయకుడైనను కొన్నింటిని ఏరుకొని పాడక తప్పదు. చరణములు తగ్గుట సామాన్యమైన లోపముగ తోచవచ్చును. రామదాసు విషయమున నది సామాన్యము కాదు.

ఇక్ష్వాకు కులతిలక అను కీర్తననే తీసికొందము. ఇది నిందాస్తుతి. భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు, లక్ష్మణునకు ముత్యాల పతకము, సీతమ్మకు చింతాకు పతకము, స్వామికి కలికితురాయి చేయించిన లెక్కలన్నియు గోపన్న స్వామి ముందు పరచును. ఒక్కొక్క నగకు ఎంత సొమ్మైనదో చెప్పును. తహసీలుదారు కదా, లెక్క తప్పడు. ఆ నగలు ఎవరి సొమ్మని కులుకుచున్నావని అడుగును. ఇంతవరకు విన్నవారికి నవ్వు వచ్చును, చనువు ముచ్చటగ నుండును. యదుకులకాంభోజి వరుస కూడ ఆ దెప్పిపొడుపునకు చక్కగ కుదిరినది. అయితే కీర్తన అంతటితో ముగియలేదు. చివరి భాగమున గోపన్న స్వరము మారును. తిట్టితినని కష్టపెట్టుకొనవద్దని, దెబ్బల కోర్వలేక నోరు జారితినని స్వామిని వేడుకొనును. అక్కడగాని ముందరి చరణములన్నియు ఎక్కడనుండి వచ్చినవో తెలియదు. అవి దర్బారున కూర్చున్నవాని చమత్కారములు కావు. కొరడా దెబ్బలు తినుచున్నవాని కేకలు. ఆ చివరి చరణము విడిచినచో కీర్తన వెటకారముగ మిగులును. అపరాధ క్షమాపణము లేని నింద భాగవతులకు నిషిద్ధము. గోపన్న ఆ దోషము చేయలేదు. చరణము విడిచిన మనమే ఆయనచే చేయించుచున్నాము.

శ్రీవైష్ణవ గృహములకు మరింత ముఖ్యమైనది సీతమ్మను గూర్చి పాడిన కీర్తన. స్వామి ఏకాంతమున నున్న వేళ తన మాట చెప్పి తన్ను రక్షింపుమనుమని తల్లిని వేడుకొను పాట యది. కళ్యాణిలో ప్రచారమునందున్నది. దీనిని కొందరు కేవలము లౌకికపు తెలివిగ వ్యాఖ్యానింతురు. యజమాని వినకున్నచో ఇల్లాలి నాశ్రయించుట లోకమున ఉన్నదే యని నవ్వుదురు. గోపన్న రఘునాథభట్టాచార్యుల వద్ద నుపదేశము పొందినవాడని మరువరాదు. ఈ పాటకు మూలము సంప్రదాయమున నున్నది. దానిపేరు పురుషకారము. చేతనుని దోషములను లెక్కించు స్వతంత్రుడు స్వామి. ఆ లెక్కను మరపింపజేయునది తల్లి. జీవునకును ఈశ్వరునకును నడుమ నిలిచి, ఇతనికి ధైర్యము చెప్పి ఆయనకు దయ పుట్టించుట ఆమె పని. పిళ్ళైలోకాచార్యులు శ్రీవచనభూషణమున ఈ పురుషకార వైభవముతోనే ప్రారంభించి, శ్రీరామాయణము చెరయందున్న తల్లి మహిమను చెప్పుచున్నదని నిరూపించిరి. రామాయణమునకు రాముడు నాయకుడు కాడా యని శంక కలుగవచ్చును. పూర్వాచార్యులు సమాధానము చెప్పిరి. కాకాసురుడు చేసిన అపచారము మిన్నంటినది. తల్లి సన్నిధిలో నుండుటచే వాడు ప్రాణములతో బయటపడెను. రావణుడును అపచారము చేసినవాడే. తల్లి ప్రక్కన లేని వేళ ఎదురుపడుటచే చచ్చెను. అశోకవనమున తన్ను బాధించిన రాక్షసస్త్రీలను కూడ హనుమ బారినుండి ఆమె రక్షించినది.

ఇప్పుడు గోపన్న స్థితిని చూడుడు. చెరలో నున్నవాడు చెర యనుభవించిన తల్లిని ఆశ్రయించుచున్నాడు. చెర యన నేమో కోదండపాణికి తెలియకపోవచ్చును. ఆమెకు తెలియును. లంకలో ఆమె లెక్కించిన దినములను ఇతడు గోలకొండలో లెక్కించుచున్నాడు. ఈ సంబంధము తెలిసి పాడువాని గొంతులో ఆ కీర్తన వేరుగ పలుకును. బాలమురళీకృష్ణగారి వరుస ఇట్టి కీర్తనలలో తొందర లేక, ఎవరో ప్రక్కన నిద్రించుచున్నారేమో యన్నట్లు మెల్లగ నడచుట ఊరక వచ్చిన గుణము కాదు.

మరి మొదటి ప్రశ్నకు సమాధానమేమి? రికార్డులోని వరుసయే శుద్ధమని, భజన మండలులలోని పాత వరుసలు అపభ్రంశములని వాదించువారు నేడు కలరు. పిల్లలకు సంగీతము నేర్పువారిలో ఈ అభిప్రాయము బలముగ నున్నది. ఊరిలో తాతగారు నాదనామక్రియలో గాక వేరొక రాగమున పాడిన కీర్తనను, రికార్డులో అట్లు లేదని బాలుడు తప్పుపట్టుచున్నాడు. ఇది న్యాయము కాదు. వేదము శ్రుతి. దానిని స్మరించి మహర్షులు చెప్పినది స్మృతి. గోపన్న కంఠము నుండి వెడలిన వరుస శ్రుతి వంటిది. అది మనకు దక్కలేదు. తాతగారి వరుసయు, బాలమురళి వరుసయు రెండును స్మృతులే. స్మృతులలో ఒకటి మిక్కిలి ప్రసిద్ధమైనంత మాత్రమున రెండవది అప్రమాణము కాజాలదు. మరొకవైపున, సినిమాలలో పాడిన విద్వాంసుడు భజనపాటను చెడగొట్టెనని గొణుగు వృద్ధులును కొందరు కలరు. వారిదియు న్యాయము కాదు. ఆ కంఠమే లేకున్నచో వారి మనుమలకు గోపన్న పేరు చలనచిత్రము వచ్చువరకు తెలిసియుండెడిది కాదు.

అన్యుల మాతువునకు ధాతువు కూర్చినవానికి పేరేమి? శార్ఙ్గదేవుడు కుట్టికారునకు నిర్వచనము చెప్పెను గాని దాని విలోమమునకు అక్కడ పేరు పెట్టలేదు. మాట కూర్చినవాడే వరుస కూర్చుట సహజమని తలచెనేమో. ఒక భక్తుని మాట మూడువందల యేండ్లు వరుస లేక వేచియుండునని ఊహింపకుండెనేమో.

భద్రాద్రిలో ఏటేట జరుగు వాగ్గేయకారోత్సవమున విద్వాంసులు గోష్ఠిగ కూర్చుండి రామదాసు నవరత్నకీర్తనలు పాడుచున్నారు. వచ్చిన యాత్రికులు కూడ గొంతు కలుపుదురు. పల్లవిలో గొంతులన్నియు కలియును. రెండు మూడు చరణములు దాటిన పిమ్మట సభలోని గొంతులు ఒక్కొక్కటిగ తగ్గును. రికార్డులో వినినంతవరకే వచ్చును గావున. అచ్చట పుస్తకము చేతబట్టి, కండ్లజోడు సవరించుకొనుచు, చివరి చరణము వరకు పాడు ముసలివారు నలుగురైదుగు రుందురు. వారి వరుస కొంచెము అటునిటు పోవును. చరణము మాత్రము విడువరు.